ఫోనులో టీవీకి డేటా తప్పదా? షాలిమార్ రైలు వేసే ప్రశ్న

కోల్‌కతా వెళ్లి వచ్చే తెలుగువారికి షాలిమార్ పేరు రైలు టికెట్ మీద పరిచయం. నిజానికి ఆ స్టేషన్ కోల్‌కతా నగరంలో లేదు. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలో ఉంది. చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు అక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. హైదరాబాద్‌కు 1,500 కిలోమీటర్లకు పైగా ప్రయాణం; ఒక పగలు, ఒక రాత్రి దాటినా పూర్తి కాదు. ఒకప్పుడు ఇలాంటి ప్రయాణంలో పక్కవారి పేపరు అడిగి చదువుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి ఫోను వారిదే. పైబెర్తులో సీరియల్, కిందిబెర్తులో వార్తలు, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్ల చేతుల్లో క్రికెట్.

ఆ క్రికెట్ సంగతే తీసుకుందాం. ఒక బోగీలో 40 మంది ఒకే మ్యాచ్ చూస్తున్నారనుకోండి. బంతి ఒకటే, బ్యాట్స్‌మన్ ఒకడే, దృశ్యం ఒకటే. కానీ ఆ దృశ్యం దారి పక్కనున్న సెల్ టవర్ నుంచి 40 సార్లు, 40 వేర్వేరు కాపీలుగా బోగీలోకి వస్తుంది. ప్రతి కాపీకీ ఎవరో ఒకరి డేటా ఖర్చవుతుంది. రైలు ఆ టవర్ పరిధి దాటే సమయానికి సిగ్నల్ సరిపోక సగం మంది తెరల మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉంటుంది. అదే బోగీలో ఎవరైనా ఒక ట్రాన్సిస్టర్ పెడితే, రేడియో కేంద్రం అదనంగా ఏ పనీ చేయకుండానే వ్యాఖ్యానం 40 మందికీ వినిపిస్తుంది.

ఫోనులో టీవీ చూడటం వెనకున్న అసలు ప్రశ్న ఇదే. అందరూ ఒకేసారి చూసేదాన్ని ఒక్కొక్కరికీ విడివిడిగా పంపడం ఎందుకు? ఆకాశంలో ఒక్కసారి ప్రసారం చేసి ఎవరి ఫోను వారు అందుకునేలా చేయలేమా? ఈ ఆలోచన మన దేశంలో ఇప్పుడు 'డైరెక్ట్ టు మొబైల్' అనే పేరుతో, పొట్టిగా డీ2ఎం అనే మాటతో, మూడోసారి తలుపు తడుతోంది. రెండుసార్లు ఎందుకు విఫలమైందో, ఈసారి దేని కోసం పట్టుబట్టాలో తేల్చుకోకపోతే మూడోసారి కూడా అదే జరుగుతుందని నా అభిప్రాయం.

ఒకరికి ఒకటి, అందరికీ ఒకటి

ముందు ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతి. స్ట్రీమింగ్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనూ రెండు మూడు నాణ్యతల్లో సిద్ధం చేసి సర్వర్లలో ఉంచుతారు. మీ ఫోను నెట్‌వర్క్ వేగాన్ని అంచనా వేసుకుంటూ, ఒక ముక్క తర్వాత ఇంకో ముక్కను అడిగి తెచ్చుకుంటుంది. వేగం తగ్గితే తక్కువ నాణ్యత ముక్కను అడుగుతుంది. బొమ్మ ఉన్నట్టుండి మసకబారేది అందుకే. ముందుజాగ్రత్తగా కొన్ని ముక్కలు నిల్వ చేసుకోవడం వల్ల దృశ్యం అసలు సమయం కన్నా కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం వెనకబడుతుంది. పక్కింటి డిష్ టీవీ ముందు కేకలు వినబడ్డాక మన ఫోనులో వికెట్ పడటానికి కారణం అదే.

ఈ పద్ధతి గొప్పతనం ఎంపికలో ఉంది. ఎవరికి కావలసింది, వారికి కావలసిన వేళ దొరుకుతుంది. బలహీనత లెక్కలో ఉంది. సెకనుకు 10 లక్షల బిట్లు, అంటే 1 ఎంబీపీఎస్ చొప్పున వీడియో చూస్తే గంటకు 450 ఎంబీ ఖర్చవుతుంది. మూడున్నర గంటల టీ20 మ్యాచ్‌కు దాదాపు 1,575 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకున్న మనిషికి ఆఖరి ఓవర్ రాకముందే ఆ రోజు డేటా అయిపోతుంది. టవర్ వైపు నుంచి చూస్తే, ఒక సెల్‌లో 40 మంది చూస్తే 40 ఎంబీపీఎస్. 400 మంది చూడాలనుకుంటే 400. చూసేవారు పెరిగిన కొద్దీ భారం అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

2023 నవంబరు 19న జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకే సమయంలో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో చూశారు. ఇంజినీరింగ్ పరంగా అది నిజంగా గర్వించదగిన విజయం. కానీ ఒకే బొమ్మను 5.9 కోట్ల సార్లు విడివిడిగా మోసుకెళ్లడం కూడా అదే.

ప్రసారం లెక్క వేరు. టవర్ పరిధిలో ఒకరు చూసినా, లక్ష మంది చూసినా ట్రాన్స్‌మిటర్ ఖర్చు చేసే విద్యుత్తు ఒకటే, వాడుకునే స్పెక్ట్రమ్ ఒకటే. పైగా, ఎవరు చూస్తున్నారో ట్రాన్స్‌మిటర్‌కు తెలియదు. మీరు ఏ చానెల్ ఎంతసేపు చూశారన్న చిట్టా ఎవరి దగ్గరా పోగుపడదు. ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే ప్రసారానికీ హద్దు ఉంది. అందరికీ ఒకే వేళ ఒకే కార్యక్రమం అవసరమైనప్పుడే అది పనికొస్తుంది. మనం ఫోనులో చూసే వీడియోల్లో చాలా భాగం ఎవరికి నచ్చినవి వారు చూసుకునే చిన్న వీడియోలు. వాటికి ప్రసారం జవాబు కాదు. కాబట్టి 'డేటా లేకుండా అన్నీ చూడొచ్చు' అనే ప్రచారాన్ని నమ్మకండి. క్రికెట్, వార్తలు, ఎన్నికల ఫలితాలు, పాఠాలు, తుపాను హెచ్చరికలు: ప్రసారం గెలిచేది ఇక్కడే.

కోల్‌కతా చెప్పే కథ

ఈ విషయాన్ని షాలిమార్ నుంచి మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. మన దేశంలో వైర్‌లెస్ చరిత్రలో చాలా మలుపులు ఆ నది చుట్టుపక్కలే జరిగాయి.

షాలిమార్‌కు దగ్గరలో, శివపూర్‌లో ఉన్న బొటానికల్ గార్డెన్‌కు ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. మొక్కల మీద పరిశోధనలకు ముందు ఆయన చేసిన పని రేడియో తరంగాల మీద. 1895లో కలకత్తా టౌన్ హాలులో గోడల అవతలికి తరంగాలను పంపి గంట మోగించి, తుపాకి మందును పేల్చి చూపించారు. ఆయన ప్రయోగాలు మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా వెళ్లాయి. ఇవాళ 5జీలో అత్యధిక వేగాల కోసం చూస్తున్నది అలాంటి పొట్టి తరంగాల వైపే.

1927 ఆగస్టులో కలకత్తాలో రేడియో కేంద్రం మొదలైంది. 1975 ఆగస్టు 9న దూరదర్శన్ వచ్చింది. 1995 జూలై 31న అప్పటి ముఖ్యమంత్రి జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో తొలి మొబైల్ కాల్‌గా చెప్పేది దాన్నే. 2012 ఏప్రిల్‌లో దేశంలో తొలి 4జీ సేవలు కూడా కోల్‌కతాలోనే మొదలయ్యాయి.

వీటన్నిటికన్నా మన చర్చకు ముఖ్యమైనది ఒక కోర్టు తీర్పు. 1993 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో హీరో కప్ సెమీఫైనల్, ఫైనల్ జరిగాయి. ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికి, ప్రభుత్వానికి గొడవ వచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 ఫిబ్రవరి 9న వచ్చిన తీర్పు, గాలిలోని రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టం చేసింది. ప్రభుత్వం వాటికి యజమాని కాదు, ప్రజల తరఫున చూసుకోవలసిన బాధ్యురాలు. ఆ ధర్మాసనంలో ఉండి విడిగా విస్తృతమైన తీర్పు రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి మన తెలుగువారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేశారు.

దేశంలో తొలి మొబైల్ కాల్ మోగిన ఏడాదే ఈ తీర్పు కూడా వచ్చింది. తరువాతి 30 ఏళ్లలో మొబైల్ ఎక్కడికో వెళ్లిపోయింది. తీర్పులోని మాట మాత్రం ఫోను దగ్గరికి ఇంకా చేరలేదు. గాలి ప్రజలదే అయినా, ఆ గాలిలోంచి ఫోనుకు టీవీ రావాలంటే రీచార్జ్ కావాలి.

రెండుసార్లు ఎందుకు ఆగింది?

మొదటి ప్రయత్నం 2007లో. దూరదర్శన్ ఢిల్లీలో డీవీబీ-హెచ్ అనే యూరప్ ప్రమాణంతో మొబైల్ టీవీ ప్రయోగం మొదలుపెట్టింది. అందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒక్కో చానెల్ సమాచారాన్ని నిరంతరంగా కాకుండా, క్షణకాలం పాటు ఒక్కసారిగా గుమ్మరించేవారు. ఫోనులోని రిసీవర్ ఆ క్షణం మేలుకుని సమాచారం అందుకుని, మళ్లీ తన వంతు వచ్చేదాకా నిద్రపోయేది. దాంతో బ్యాటరీ ఆదా అయ్యేది. 2008 జనవరిలో ట్రాయ్ మొబైల్ టీవీపై సిఫారసులు కూడా ఇచ్చింది. కానీ ఆ సిగ్నల్ అందుకునే ఫోన్లు రెండు మూడు ఖరీదైన మోడళ్లే. సాంకేతికత పనిచేసింది, చూడటానికి చేతిలో ఫోను లేదు.

రెండో ప్రయత్నం 2016 ఫిబ్రవరిలో. దూరదర్శన్ 16 నగరాల్లో డీవీబీ-టీ2 డిజిటల్ ప్రసారాలను ప్రారంభించింది. కోల్‌కతా ఆ జాబితాలో ఉంది. చెన్నై, బెంగళూరు, కటక్ ఉన్నాయి. హైదరాబాద్ లేదు, విశాఖపట్నం లేదు, విజయవాడ లేదు. షాలిమార్ నుంచి సికింద్రాబాద్ దాకా ఉన్న రైలు దారిని మనసులో గీసుకుంటే, కోల్‌కతాలో ఒక వెలుగు, కటక్‌లో ఒక వెలుగు, ఆ తర్వాత తెలుగు నేల పొడవునా చీకటి. వెలుగు ఉన్నచోట కూడా ఫోనుకు ఒక డాంగిల్ కొని తగిలించుకోవాలి. ఉచిత ప్రసారం చూడటానికి ముందు ఒక పరికరం కొనమంటే ఎంతమంది కొంటారు? అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలను నేలకు దించింది. డాంగిల్ కథ అక్కడితో ముగిసినట్టే.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో క్వాల్‌కామ్ సంస్థ మీడియాఫ్లో పేరుతో చందా కట్టే మొబైల్ టీవీ నడిపి 2011 మార్చిలో మూసేసింది. దక్షిణ కొరియాలో 2005 డిసెంబరులో, జపాన్‌లో 2006 ఏప్రిల్‌లో మొదలైన ఉచిత మొబైల్ టీవీలు మాత్రం ఏళ్ల తరబడి జనంలో నిలిచాయి. జపాన్ పద్ధతి చాలా పొదుపైనది. ఒక టీవీ చానెల్ వెడల్పును 13 భాగాలు చేసి, 12 భాగాలు ఇంటి టీవీకి, ఒక్క భాగం ఫోనుకు కేటాయించారు. దాని పేరే 'వన్‌సెగ్'. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత చాలామందికి వార్తలు అందిన దారుల్లో అదొకటి.

గెలిచిన చోట రెండు లక్షణాలు కనిపిస్తాయి: ప్రసారం ఉచితం, రిసీవర్ ఫోనులోనే ఉంటుంది. ఓడిన చోట ఈ రెండింటిలో కనీసం ఒకటి లోపించింది. మూడో ప్రయత్నాన్ని ఈ కొలబద్దతోనే చూడాలి.

మూడో ప్రయత్నం, భౌతికశాస్త్రం పెట్టే షరతులు

దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నింటినీ మూసేసింది. ఖాళీ అయిన పౌనఃపున్యాల్లో 470 నుంచి 582 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని డీ2ఎంకు ఉంచాలన్నది ఆలోచన. ఐఐటీ కాన్పూర్, బెంగళూరులోని సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి కలిసి ఏటీఎస్‌సీ 3.0 అనే ప్రమాణం ఆధారంగా ప్రయోగాలు చేశాయి. 2024 జనవరిలో అప్పటి సమాచార ప్రసార శాఖ కార్యదర్శి అపూర్వ చంద్ర 19 నగరాల్లో పరీక్షలు జరుపుతామన్నారు. దేశంలోని 28 కోట్ల ఇళ్లలో 19 కోట్ల ఇళ్లకే టీవీ ఉందని, వీడియో భారంలో 25 నుంచి 30 శాతం డీ2ఎం మోయగలదని కూడా ఆయన చెప్పారు. 2025లో లావా, హెచ్‌ఎండీ సంస్థలు సాంఖ్య చిప్‌తో పనిచేసే ఫోన్లను ప్రకటించాయి.

ఆలోచన మంచిదే. కానీ తరంగాలకు ప్రకటనలు తెలియవు. వాటి షరతులు వాటికి ఉంటాయి.

మొదటి షరతు యాంటెన్నా. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 470 మెగాహెర్ట్జ్ దగ్గర అది 64 సెంటీమీటర్లు. 582 దగ్గర 51. సాధారణ యాంటెన్నా అందులో నాలుగో వంతు పొడవుంటే బాగా పనిచేస్తుంది. అంటే 13 నుంచి 16 సెంటీమీటర్లు. అది ఇంచుమించు ఫోను మొత్తం పొడవు. 4జీ వాడే 1,800 మెగాహెర్ట్జ్‌కు నాలుగు సెంటీమీటర్లు చాలు. ఇప్పటికే ఫోను అంచుల్లో 4జీ, 5జీ, వైఫై, బ్లూటూత్, జీపీఎస్ యాంటెన్నాలు ఇరుక్కుని కూర్చున్నాయి. వాటి మధ్య ఈ పొడుగాటి అతిథికి చోటివ్వాలి. చోటు తగ్గిస్తే గ్రహణశక్తి తగ్గుతుంది. ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నాగా వాడటం ఎఫ్‌ఎం రోజుల నాటి చిట్కా. ఇప్పుడు చాలా ఫోన్లకు ఆ రంధ్రమే లేదు.

రెండో షరతు రిసీవర్ ఉండే చోటు. పాత టీవీకి ఇంటి కప్పు మీద యాంటెన్నా ఉండేది. ఫోను చేతిలో, నేలకు మీటరున్నర ఎత్తులో, గోడల మధ్య, రైల్లో అయితే ఇనుప పెట్టెలాంటి బోగీలో ఉంటుంది. ఊరికొక పొడవాటి టవర్ సరిపోదు. మధ్య మధ్య చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలా కావాలి. అవన్నీ ఒకే పౌనఃపున్యం మీద ఒకే కార్యక్రమాన్ని ప్రసారం చేయవచ్చు. కానీ వీధికి ఆ చివరా ఈ చివరా మైకులు కట్టినప్పుడు ఒకే పాట రెండుసార్లు ఒకదాని వెనక ఒకటి వినిపించి గజిబిజి అయినట్టే, రెండు టవర్ల సంకేతాలు కొద్ది తేడాతో ఫోనును చేరతాయి. ఈ ఇబ్బందిని తప్పించడానికి డిజిటల్ ప్రసారంలో సమాచారాన్ని వేల ఉపవాహకాల మీద పంచి, ప్రతి గుర్తునూ నెమ్మదిగా, మధ్యలో కొంత ఖాళీ వదులుతూ పంపుతారు. ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని ఆ ఖాళీలో అణిగిపోతుంది.

మూడో షరతు రైలు వేగం. ఎదురుగా వచ్చే ఇంజిన్ కూత హెచ్చుగా, దాటి వెళ్లాక తగ్గుగా వినిపించడం మనకు తెలుసు. అదే డాప్లర్ ప్రభావం. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో 500 మెగాహెర్ట్జ్ సంకేతం పౌనఃపున్యం 51 హెర్ట్జ్ దాకా మారుతుంది. 2,300 మెగాహెర్ట్జ్ 4జీ సంకేతానికి అదే మార్పు 235 హెర్ట్జ్. తక్కువ పౌనఃపున్యం వల్ల ఇక్కడ టీవీ పట్టీకి మేలే. కానీ ఉపవాహకాల మధ్య ఎడం ఎంతన్నది చూడాలి. ఏటీఎస్‌సీ 3.0లో 6 మెగాహెర్ట్జ్ చానెల్‌ను అతి సన్నగా కోస్తే ఆ ఎడం 211 హెర్ట్జ్. లావుగా కోస్తే 840 పైచిలుకు. సన్నగా కోసిన పద్ధతి దూరపు ప్రతిధ్వనులను బాగా తట్టుకుంటుంది, కానీ 51 హెర్ట్జ్ కదలికకు తడబడుతుంది. లావుగా కోసిన పద్ధతి రైలును తట్టుకుంటుంది, కానీ టవర్లను దగ్గర దగ్గరగా వేయాలి. రెండూ ఒకేసారి దొరకవు. నగరంలో నిలబడి చూసేవారి కోసమా, కదిలే రైల్లో చూసేవారి కోసమా అన్నది ముందే నిర్ణయించుకోవలసిన విషయం.

ఇక ధర. 2023 అక్టోబరులో క్వాల్‌కామ్, ఎరిక్సన్, నోకియా తదితర సంస్థలు ప్రభుత్వానికి రాసిన లేఖలో, ఈ ఏర్పాటు వల్ల ఫోను ధర 30 డాలర్లు పెరుగుతుందని, బ్యాటరీ మీద, సెల్ సిగ్నల్ మీద ప్రభావం పడుతుందని అభ్యంతరం చెప్పాయి. అప్పటి లెక్కలో అది దాదాపు 2,500 రూపాయలు. ఎనిమిది వేల ఫోను కొనేవాడికి అది పెద్ద మొత్తం. ఆ సంస్థలకు తమ వ్యాపార ప్రయోజనాలు ఉన్నాయి నిజమే. మొబైల్ నెట్‌వర్క్‌లోనే ప్రసారాన్ని కలిపే '5జీ బ్రాడ్‌కాస్ట్' అనే పోటీ ప్రమాణం కూడా ఉంది. అయినా ఆ అభ్యంతరాన్ని ఊరికే కొట్టిపారేయకూడదు. చిప్ ఎంతకు వస్తుంది, బ్యాటరీ ఎంత తింటుంది అన్నవి వాదించుకునే విషయాలు కావు, కొలిచి చూపించే విషయాలు.

అసలు లాభం ఎక్కడ?

క్రికెట్ ఉచితంగా వస్తుందనే మాట జనాన్ని ఆకర్షిస్తుంది. దానికి చట్టపరమైన ఆధారం కూడా కొంత ఉంది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న క్రీడల సంకేతాన్ని ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. భూతల ప్రసారం ఫోను దాకా వస్తే ఆ హక్కుకు కొత్త అర్థం వస్తుంది. కానీ డీ2ఎం కోసం నేను పట్టుబట్టేది క్రికెట్ కోసం కాదు.

షాలిమార్ నుంచి విశాఖ దాకా ఉన్న రైలు దారి మన దేశంలో తుపానులు తరచుగా తాకే తీరం వెంటే సాగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిన్నాభిన్నం చేసినప్పుడు ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానాన్ని కూల్చేసింది. 2020 మే 20న ఆంఫన్ తర్వాత కోల్‌కతాలోనే చాలాచోట్ల విద్యుత్తు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సెల్ టవర్లు వేలల్లో ఉంటాయి. ప్రతిదానికీ కరెంటు, డీజిల్, ఫైబర్ తీగ కావాలి. ఏ ఒక్కటి తెగినా ఆ ప్రాంతం మూగబోతుంది. పైగా బతికున్న టవర్ మీద అందరూ ఒకేసారి పడతారు. గట్టిగా కట్టిన, సొంత జనరేటర్ ఉన్న ఒక ప్రసార టవర్ ఆ సమయంలో ఒక జిల్లాకు దిక్కు కాగలదు. అది కూడా కూలవచ్చు. అందుకే ఇది సెల్ హెచ్చరికలకు బదులు కాదు, తోడు. సెల్ ద్వారా వచ్చే అత్యవసర సందేశం 'ప్రమాదం ఉంది' అని చెబుతుంది. తుపాను ఎక్కడుంది, ఏ దారి మూశారు, ఏ బడిలో ఆశ్రయం ఇస్తున్నారు అన్నది గంట గంటకూ బొమ్మతో, మాటతో చెప్పడానికి ప్రసారం కావాలి.

ఇక్కడే తెలుగువారు ప్రత్యేకంగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రసారం సహజంగా ఆ చోట ఎక్కువమంది మాట్లాడే భాష వైపు మొగ్గుతుంది. టవర్ నుంచి వచ్చే చానెళ్లు గుప్పెడు. ఫోనుకు తట్టుకునే పద్ధతిలో ఒక టీవీ చానెల్ వెడల్పులో ఐదారు కార్యక్రమాలు పడితే గొప్ప. హౌరాలో అవి బెంగాలీ, హిందీ అవుతాయి. బాలాసోర్ దాటితే ఒడియా అవుతాయి. స్ట్రీమింగ్‌కు ఆ ఇబ్బంది లేదు. ఖరగ్‌పూర్‌లో కూర్చుని తెలుగు చానెల్ చూడొచ్చు. రైల్వే ఉద్యోగాల వల్ల తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగువారు చాలామంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాకు ఆమోదం తెలిపింది కూడా. వారికీ, ఆ దారిలో ప్రయాణించే వలస కూలీలకూ, విద్యార్థులకూ, వైద్యం కోసం వెళ్లేవారికీ అర్థంకాని భాషలో వచ్చే ఉచిత ప్రసారం వల్ల ఒరిగేదేముంది?

దీనికి సాంకేతికతలోనే జవాబు ఉంది. వీడియోకు 1 ఎంబీపీఎస్ కావాలంటే, మాటకు అందులో పదిహేనో వంతు, అంటే 64 కేబీపీఎస్ చాలు. ఏటీఎస్‌సీ 3.0 లాంటి ప్రమాణాల్లో ఒక వీడియోకు అనేక భాషల ధ్వనిని జతచేయవచ్చు. తుపాను పటం ఒకటే. మాట బెంగాలీలో, ఒడియాలో, తెలుగులో, హిందీలో. నాలుగు గొంతులకు కలిపి అయ్యే ఖర్చు ఇంకో పావు చానెల్. ఫోనులో పెట్టుకున్న భాషను బట్టి వినిపించే మాట దానంతటదే మారుతుంది. సాధ్యమైనది ఇంత చవగ్గా ఉన్నప్పుడు దాన్ని మొదటి రోజు నుంచే నియమంగా పెట్టాలి. తర్వాత చూద్దామంటే, ఆ 'తర్వాత' రాదు.

అడగవలసినవి

కాబట్టి డీ2ఎంను నేను సమర్థిస్తాను, నాలుగు షరతులతో.

ఒకటి, పరీక్షల ఫలితాలు బయటపెట్టాలి. కర్తవ్య పథ్‌లో నిలబెట్టి చూపిన ప్రదర్శన చాలదు. షాలిమార్ నుంచి విశాఖ దాకా నడిచే రైలు బోగీలో, కిటికీ మూసి, ఫోను చేతిలో పట్టుకుని, ఎన్ని కిలోమీటర్లలో బొమ్మ నిలిచింది, ఎన్ని కిలోమీటర్లలో ఆగింది, గంటకు బ్యాటరీ ఎంత తగ్గింది అన్నది కొలవాలి. స్వతంత్ర సంస్థ కొలవాలి. అంకెలు అందరికీ అందుబాటులో ఉండాలి.

రెండు, అన్ని ఫోన్లలోనూ తప్పనిసరి అనే ఆదేశంతో మొదలుపెట్టకూడదు. చిప్ ధర దిగేదాకా, టీవీ లేని ఇళ్లకు చేరే చవక ఫోన్లతో మొదలుపెట్టాలి. ఖరీదైన ఫోన్లలో మొదలైన 2007 ప్రయోగం ఏమైందో చూశాం.

మూడు, స్పెక్ట్రమ్ ప్రజలదన్న తీర్పును గుర్తుంచుకోవాలి. ఉచితమని చెప్పి ఇచ్చిన పట్టీలో రెండేళ్లకు చందా చానెళ్లు నిండకూడదు. విపత్తు సమాచారం, ప్రజా ప్రసారం, పాఠాలకు ఎంత భాగమో ముందే రాసిపెట్టాలి.

నాలుగు, నగరాల జాబితా తయారుచేసేటప్పుడు తీరాన్ని చూడాలి. 2016లో 16 నగరాల్లో ఒక్క తెలుగు నగరమూ లేదు. ఈసారి హైదరాబాద్ పేరు చేర్చి సరిపెడితే కూడా అది అన్యాయమే. అవసరం ముందుగా ఉన్నది శ్రీకాకుళంలో, విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో.

ఫోనులో టీవీ అనేది విలాసమా, అవసరమా అన్న చర్చ పాతబడిపోయింది. జనం ఇప్పటికే ఫోనులోనే చూస్తున్నారు, డబ్బు పెట్టి చూస్తున్నారు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. డేటా అయిపోయిన వాడికి, నెట్‌వర్క్ తెగిపోయిన రాత్రికి, పరాయి భాషా ప్రాంతంలో ఉన్న ప్రయాణికుడికి ఆ గాలిలో ఏమైనా మిగులుతుందా? డీ2ఎం గెలిచిందో లేదో తేల్చేది అమ్ముడైన ఫోన్ల సంఖ్య కాదు. వచ్చే తుపాను రాత్రి పలాసలో ఆగిపోయిన రైల్లో, రీచార్జ్ లేని ఒక ఫోను తెలుగులో హెచ్చరిక వినిపించిందా లేదా అన్నదే.